సంఘం ఇచ్చిన నక్షత్రాలు

కరుణాకుమారి వెబ్‌సైటు తెరవగానే ముందు ఒక పాట మొదలయ్యేది. పాటతో పాటు పైనుంచి గులాబీ రేకులు రాలేవి. సిగ్నల్ బాగుంటే ఆ రేకుల వెనకనుంచి ఒక తెల్ల గౌను కనిపించేది. లేకపోతే తెరమీద చక్రం తిరుగుతూ కూర్చునేది. తోటపల్లి గూడూరులో మధ్యాహ్నం దాటితే సిగ్నల్ అంతంతమాత్రమే. అయినా కరుణ ఓపిగ్గా చూసేది. చక్రం తిరిగి తిరిగి గౌను బయటపడేసరికి, పెళ్ళికూతురు మందిరం గుమ్మంలో అడుగు పెట్టినప్పుడు అందరూ లేచి నిలబడతారే, అట్లా ఆమె ఒళ్ళు ఝల్లుమనేది.

ఆ గౌన్లు కుట్టేది ఆమే. క్రైస్తవుల పెళ్ళికి కావలసిన తెల్ల గౌను, తలమీద ముసుగు, పూసల కిరీటం, ముందు పూలు చల్లుతూ నడిచే చిన్నపిల్లల ఫ్రాకులు. రోడ్డు మీద ఒక గది అద్దెకు తీసుకుని, పెళ్ళయిన కొత్తల్లో మొదలుపెట్టింది. ఇటు సముద్రం పక్క పల్లెల నుంచి అటు కొడవలూరు దాకా, ఏ చర్చి సంఘంలో పెళ్ళయినా గౌను కరుణ చేతిదే అనే రోజులుండేవి. తర్వాత నెల్లూరులో గౌన్లు అద్దెకిచ్చే షాపులు వచ్చాయి. ఆడపిల్లలు ఫోన్లోనే నచ్చింది చూసుకుని, ఒక పూట వేసుకుని, మర్నాడు తిరిగిచ్చేస్తున్నారు. ఇప్పుడు కరుణ మిషను మీదికి ఎక్కేవి జాకెట్లూ, చిరిగిన స్కూలు యూనిఫారాలే.

ఇంటి పరిస్థితీ అట్లాగే ఉంది. భర్త సుశీల్ కుమార్ రొయ్యల గుంటలకు మేత బస్తాలు తోలే ఆటో నడుపుతాడు. ఆ సంవత్సరం గుంటలకు తెగులొచ్చి సగం ఎండబెట్టేశారు. రొయ్యలు లేని గుంటకు మేతెందుకు, మేత లేకపోతే ఆటో ఎందుకు? రొయ్యలు ఒలిచి ఐసులో పెట్టే కంపెనీ ఒకటి ఉంది. దాని బస్సు పొద్దు పొడవకముందే వచ్చి ఊళ్ళో ఆడవాళ్ళను ఎక్కించుకుపోతుంది. సుశీల్ ఆ బస్సు మేస్త్రీకి భార్య పేరు చెప్పి ఉంచాడు.

"ఈస్టర్ దాకా ఆగు," అంది కరుణ. "ఈ నలభై దినాల ఉపవాసాల్లో ఎట్టాగూ పెళ్ళిళ్ళు చెయ్యరు. ఈస్టర్ అయినాక లేస్తాయి. అప్పటికి రెండు గౌన్లకైనా మాట రాకపోతే నేనే గది ఖాళీ చేసి బస్సెక్కుతా."

"మాట తప్పకూడదు మేయ్."

"తప్పను లేవయ్యా."

ఒక గౌనుకు మాట ఉండనే ఉంది. మందిరంలో పాటలు పాడే క్యాథరిన్ కూతురి పెళ్ళి ఈస్టర్ అయిన వెంటనే. "మా పిల్ల గౌను నీ చేతిదే" అని క్యాథరిన్ క్రిస్మస్ నాడే చెప్పింది. ఇక కావలసింది ఇంకొకటి, అదీ ఊరి బయటినుంచి. దానికోసమే ఆ సైటు. ఎవరూ నేర్పకుండా ఫోన్లోనే, కాజాలు కుట్టినంత ఓపికతో ఒక్కో బొమ్మా అతికించి చేసుకుంది. చేసి బంధువులందరికీ పంపి ఎట్టుందో చెప్పమంది. "సూపర్ వదినా", "బలే చేసినావక్కా" అని ఒకటే మెసేజీలు, చప్పట్ల బొమ్మలు. ఫోను మాత్రం ఒక్కటీ రాలేదు.

చివరికి సుశీలే పెంచలకృష్ణను తీసుకొచ్చాడు. పెంచలకృష్ణ తండ్రి రొయ్యల రైతు, సుశీల్ ఆటోలోనే మేత తెప్పించుకునేవాడు. కొడుకు నెల్లూరులో వ్యాపారాలకు సైట్లు చేసిపెడతాడు, బుచ్చిరెడ్డిపాలెంలో ఒక బియ్యం మిల్లుకు కూడా చేశాడు. కుర్రవాడు. మాట తూటాలా వస్తుంది. స్టూలు మీద కూర్చుని ఫోన్లో సైటు తెరిచాడు. పాట మొదలయ్యింది. ఉలిక్కిపడి ఫోను దూరం పెట్టాడు.

"అక్కా, చెప్పమంటావా, బాగుందనమంటావా?"

"బాగుందనేవాళ్ళు బో మంది ఉండారు. నువ్వు చెప్పు నాయనా."

"అయితే ముందు ఆ పాట తీసెయ్. బస్సులో కూర్చుని తెరిచినోడు గుండాగి చస్తాడు. ఆ రేకులూ తీసెయ్. ఫోటోలు ఒక్కోటీ గుండ్రాయంత బరువుండాయి, అవి తెరుచుకునేలోపల పెళ్ళయిపోయి బిడ్డలు పుడతారు. గౌన్ను ఇనప బీరువాకు తగిలించి తీసినావేందక్కా? వెనకాల బియ్యం డబ్బా కూడా పడింది."

గుమ్మంలో నిలబడ్డ సుశీల్ కిసుక్కున నవ్వాడు. కరుణ అతనివైపు చూడలేదు.

"ఈ నంబరు ఫోటో లోపల రాసినావు. నొక్కితే ఫోను ఎట్టా పోతది? సరే, రేటు యాడ?"

"మనిషిని చూడకుండా రేటెట్టా చెప్పేదబ్బా?"

అది ఆమె పద్ధతి. కొలతలు తీసేటప్పుడు పెళ్ళికూతురి నడుముకు టేపు చుడుతుంది గానీ చూపంతా పక్కన నిలబడ్డ తల్లి మొహం మీదే. ఆ మొహాన్ని బట్టి రేటు. ఉన్నవాళ్ళ దగ్గర ఒక రకం, లేనివాళ్ళ దగ్గర ఒక రకం. ఇన్నేళ్ళలో ఆ లెక్క తప్పిందని ఎవరూ అనలేదు.

"ఆ మొహం నీకు ఫోన్లో కనపడదక్కా," అన్నాడు పెంచలకృష్ణ. "రేటు లేదంటే జాస్తి ఉంటదనుకుని పోతారు. ఇంత నుంచి మొదలని అన్నా పెట్టు. ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పెళ్ళికూతురి తల్లివి అనుకో. కావలిలో ఉండావు. కరుణాకుమారి ఎవరో నీకు తెలవదు. ఫోను చేతిలో పట్టుకుని ఏమని వెతకతావు?"

"పెళ్ళికి తెల్ల గౌను కుట్టేవాళ్ళు, నెల్లూరు... అని."

"ఆ మాట నీ సైట్లో యాడుండాది?"

వెతికింది. ఎక్కడా లేదు. కరుణా టైలర్స్ అని ఉంది, దేవునికి స్తోత్రం అని ఉంది, తన బాప్తిస్మం ఫోటో ఉంది. గౌను అనే మాటే లేదు.

"నీకు తెలిసినోళ్ళు నీ సైటు చూడక్కర్లేదు, వాళ్ళు నడిచొస్తారు. తెలవనోళ్ళకి నువ్వు దొరకవు. మరి ఇది ఎవరికోసం చేసినట్టు?"

ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. వాడు వెళ్ళాక తలుపు దగ్గరేసి మిషను మీద తల పెట్టి ఏడ్చింది. కోపం వాడిమీద కాదు. ఇన్నాళ్ళూ సూపర్ వదినా అన్నవాళ్ళలో ఒక్కరన్నా నిజంగా తెరిచి చూశారా అని.

కానీ కరుణ కుట్టు విప్పడానికి భయపడే మనిషి కాదు. వంకరగా వచ్చిన చెయ్యి మొత్తం విప్పి మళ్ళీ వెయ్యడం ఆమెకు అలవాటే. పాట పోయింది, రేకులు పోయాయి. గౌన్లు డాబా మీదికి తీసుకెళ్ళి, తెల్ల దుప్పటి అడ్డం కట్టి, పొద్దుటెండలో ఫోటోలు తీసింది. పెంచలకృష్ణ వాటి బరువు తగ్గించి పెట్టాడు. ఏ గుడ్డ, ఎన్నాళ్ళు పడుతుంది, ఏ ఊళ్ళవాళ్ళు కుట్టించుకున్నారు, రేటు ఎంతనుంచి, అన్నీ ఆమె చెప్తుంటే వాడు టైపు చేశాడు. మ్యాపులో షాపు ఉన్న చోటు సరిచేశాడు. అక్కడ పాత పెళ్ళికూతుళ్ళు కొందరు ఎప్పుడో రాసిన నాలుగు మంచి మాటలున్నాయి. ఒకమ్మాయి మాత్రం గౌను బాగుంది గానీ ఆలస్యంగా ఇచ్చారని రాసింది.

"దీన్ని తీసేద్దామా?" అంది కరుణ.

"అదే ఉండనీ అక్కా. దాన్ని చూసే మిగతావి నిజమని నమ్ముతారు."

రోజూ పొద్దున్నే టీ కాకముందే పెళ్ళికి తెల్ల గౌను, నెల్లూరు అని ఫోన్లో కొట్టి చూసేది. మొదట్లో ఏమీ లేదు. తర్వాత ఎక్కడో కింద ఒక మూల షాపు పేరు. ఆ తర్వాత కొంచెం పైకి. ఒక మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. కావలి నుంచి, పెళ్ళికూతురి తల్లి.

"మ్యాపులో చూసినామమ్మా. చేతులకు లేసు వేసినారే, ఆ గౌను. అట్టాంటిదే కావాలంటుండాది మా పిల్ల. మట్టల ఆదివారం ముందు శనివారం కొలతలకు రావచ్చునా?"

"రండమ్మా, రండి. అన్నం ఈడే తిందురు."

ఫోను పెట్టేశాక సుశీల్‌కు చెప్పింది. "మేస్త్రీకి వద్దని చెప్పేదా?" అన్నాడు అతను.

"వచ్చి కొలతలిచ్చినాక చెప్పు."

ఆ మంచిరోజుల్లోనే ఒక ఆదివారం ఆరాధన చివర్లో ప్రార్థన మనవులు అడిగారు. ఆ సంఘంలో అది రివాజు. ఎవరికి జ్వరం, ఎవరి కొడుక్కి ఉద్యోగం, ఎవరి గుంటలో రొయ్యలు చచ్చి తేలుతున్నాయి, అన్నీ లేచి చెప్పుకుంటారు. కరుణ కూడా లేచింది. తన పని గురించి ప్రార్థించమంది. కూర్చోబోతూ, "సైటు కూడా అందరూ ఒకతూరి చూడండి, లోపాలుంటే మొహమాటం లేకుండా చెప్పండి," అంది. పెంచలకృష్ణ మాటలతో ఆమెకు తప్పులు చెప్పించుకోవడం మీద రుచి పుట్టింది మరి.

జకరయ్య అయ్యగారు పాతికేళ్ళుగా ఆ సంఘానికి కాపరి. మనిషి వెన్న.

"లోపాలు వెతకడం మన పనా సంఘమా?" అన్నారు మైకులో. "మన సహోదరి కష్టపడి చేసుకుంటుండాది. ఒకరి గురించి ఒకరం మంచి సాక్ష్యం ఇయ్యకపోతే బయటోళ్ళు ఇస్తారా? ఇంటికి పోయి మర్చిపోతారు. ఇప్పుడే ఫోన్లు తియ్యండి."

రాలేనివాళ్ళకు ఆరాధన ఫోన్లో చూపించడానికి మందిరంలో వైఫై పెట్టించారు. దాని పాస్‌వర్డ్ అయ్యగారే మైకులో చెప్పారు. యౌవనస్థులు బెంచీల మధ్య తిరుగుతూ పెద్దవాళ్ళకు మ్యాపులో షాపు ఎక్కడుందో, అయిదు నక్షత్రాలు ఎట్లా నొక్కాలో చూపించారు. కళ్ళజోడు తెచ్చుకోనివాళ్ళు పక్కవాళ్ళకు చెప్పి రాయించారు. ఆ సంఘానికి సాక్ష్యమంటే కొత్తేం కాదు. లేచి నిలబడి దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పడం ప్రతి వారం ఉన్నదే. రాసిందీ అదే తీరులో రాశారు.

కరుణ ఫోను ఆగకుండా మోగింది. "మా తాతల కాలం నుంచి ఈమె దగ్గరే కుట్టిస్తున్నాము" అని ఒకరు. కరుణకు ముప్ఫై నాలుగేళ్ళు. "నేను ఇంకా కుట్టించలేదు గానీ మంచి బిడ్డ, ప్రార్థనాపరురాలు" అని ఇంకొకరు. "ఈ షాపు యజమానికి స్తోత్రం, నాకు బీపీ తగ్గినది" అని ఒక ముసలామె. క్యాథరిన్ రాసింది అన్నిటికన్నా పొడుగు. బెంచీ మీదే కూర్చుని, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, అందరూ వెళ్ళిపోయాక కూడా రాస్తూనే ఉంది. చదువుతుంటే కరుణకు కన్నీళ్ళు ఆగలేదు. ఈసారి సంతోషంతోనే.

ఆ వారం మధ్యలో ఒక పొద్దున అలవాటుగా వెతికితే షాపు లేదు. మ్యాపులో ఇటు మందుల షాపు ఉంది, అటు టీ కొట్టు ఉంది, మధ్యలో తన గది ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఫోను ఆపి మళ్ళీ వేసింది. పేరే కొట్టి చూసింది. పెంచలకృష్ణకు ఫోను చేసింది.

వాడు అవతల తన కంప్యూటరులో వెతికి చూశాడు.

"అక్కా, ఆదివారం ఏం జరిగింది?"

చెప్పింది.

"అయ్యో అక్కా! ఒకే పూట, ఒకే చోటు నుంచి, ఒకే వైఫై మీద అంతమంది రాస్తే ఆ మ్యాపు నడిపే మిషను ఏమనుకుంటది? దొంగ సాక్ష్యాలు కొని పెట్టించుకున్నారనుకుంటది. షాపునే పక్కన పెట్టేసినారు."

"మా సంఘమోళ్ళు దొంగలా?"

"మిషనుకు సంఘం తెలవదక్కా. లెక్క తెలుసు, అంతే."

"పాతవి? పెళ్ళికూతుళ్ళు రాసినవి?"

"అన్నీ పోయినాయి."

బోర్డు ఫోటో, కరెంటు బిల్లు, మిషను దగ్గర ఆమె కూర్చున్న ఫోటో, అన్నీ పెట్టి వాడు మ్యాపు కంపెనీకి అర్జీ పంపాడు. శనివారం నాటికి జవాబు రాలేదు. ఆ పొద్దున కరుణ గది కడిగి, కోడికూర వండి తెచ్చి, టేపు మెడలో వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం దాటాక కావలి నుంచి ఫోనొచ్చింది.

"ఏమ్మా, నెల్లూరు దాకా వచ్చి మ్యాపు పెట్టుకుంటే మీ షాపే లేదంటుండాది?"

"ఉండాదమ్మా, ఉండాది! తోటపల్లి గూడూరు బస్సెక్కండి, నేను రోడ్డు మీద నిలబడతా."

అవతల ఎవరో మగమనిషి గొంతు వినపడింది. "ఇయ్యన్నీ మోసాలే. నిన్న ఉండి ఇయ్యాల లేకుండా పోయే షాపేంది? అడ్వాన్సు అడగతారు చూడు."

"నేను ఒక్క రూపాయి అడగను! వచ్చి చూడండమ్మా, ఈడనే ఉండా నేను."

"మా ఆయన వద్దంటుండాడమ్మా. ఈడ అద్దె షాపులో ఒకటి చూసినాములే. ఏమనుకోబాక."

కరుణ అట్లాగే కూర్చుండిపోయింది. చీకటి పడబోతుండగా పెంచలకృష్ణ ఫోను చేశాడు. జవాబొచ్చింది. ఆ రాతలు నిజమైనవి కావు, షాపు కనిపించదు అని. ఇంకొకసారి అడగవచ్చు గానీ, ముందు ఆ రాసినవాళ్ళు ఎవరిది వాళ్ళు తీసేయాలి. ఆ సంగతి చెప్పి అడిగితే కంపెనీవాళ్ళు వింటారేమోనన్నాడు.

ఆమె నేరుగా అయ్యగారింటికి నడిచింది. మర్నాటి ఆరాధనకు ఆయన వరండాలో కూర్చుని తాటిమట్టలు చీలుస్తున్నారు.

"వందనాలయ్యగారూ." నిలబడే అంతా చెప్పింది.

ఆయన మొహం తెల్లబోయింది. "మేలు చెయ్యబోయి ఎంత పని చేసినానమ్మా," అన్నారు. కాసేపు చేతిలో మట్టను అటూ ఇటూ తిప్పారు. "కానీ ఇచ్చిన సాక్ష్యం వెనక్కి తీసుకోమని సంఘానికి ఏ నోటితో చెప్పేది?"

"తీసుకోకపోతే నా షాపు లేదయ్యగారూ."

చెప్పారు. ఈస్టర్‌కు ముందు వారం వచ్చే మట్టల ఆదివారం నాడు, పిల్లలు మట్టలు పట్టుకుని మందిరం చుట్టూ తిరిగి వచ్చి కూర్చున్నాక, మెల్లగా చెప్పారు. ఎంత మెత్తగా చెప్పినా, వినేవాళ్ళ చెవిలో పడింది ఒక్కటే, మీరు రాసింది దొంగదని పైవాళ్ళు తేల్చారు, తీసేయండి అని. మందిరంలో గుసగుసలు లేచాయి. "దొంగదా?" "రాస్తామని మనం అడిగినామా?" "లేచి నిలబడి అడిగింది తనే కదా!" తీసెయ్యడం ఎట్లాగో చూపించడానికి యౌవనస్థులు మళ్ళీ బెంచీల మధ్యకు వచ్చారు గానీ, ఈసారి చాలామంది ఫోన్లు బయటికి తీయలేదు.

బయట కరుణ క్యాథరిన్ చెయ్యి పట్టుకోబోయింది. ఆమె ఇవ్వలేదు.

"నేను రాసింది అబద్ధమంటివే."

"నేననలేదక్కా. అది మిషను..."

"మిషనుకేం తెలుసు? దాచుకున్న నా పాత పెళ్ళి గౌనుకు పూసలు రాలిపోతే రూపాయి తీసుకోకుండా కుట్టిచ్చినావని రాసినా. అది అబద్ధమా? నువ్వు చెప్పు."

"నిజమే అక్కా."

"నిజమైనదాన్ని దొంగదని నలుగురిలో చెప్పించినావు. మా ఆయన ఏమన్నాడో తెలుసునా? ఇయ్యాల సాక్ష్యం వద్దన్నామె రేపు గౌనిచ్చి వెనక్కియ్యమంటదేమో అని."

"ఆ మాట అనబాకక్కా. పిల్ల గౌనుకు గుడ్డ కూడా చూసిపెట్టినా."

"పిల్ల నెల్లూరులో చూసుకుంటానంటుండాది. నేనే నీకోసం పట్టుబట్టినా ఇన్నాళ్ళూ." క్యాథరిన్ కొంగు సర్దుకుంది. కళ్ళు తడిగానే ఉన్నాయి. "ఇప్పుడు ఏమని పట్టుబట్టేది?"

ఆ వారం కొందరు తీసేశారు, కొందరు తీయలేదు. తీశామన్నవాళ్ళవి తీసినట్టో కాదో పెంచలకృష్ణకూ తేలలేదు. రెండో అర్జీకి అసలు జవాబే రాలేదు. శుభ శుక్రవారం మూడు గంటల ఆరాధనలో కరుణ వెనక బెంచీలో కూర్చుంది. ఆమెను చూసి దూరం జరిగినవాళ్ళు లేరు. పక్కన కూర్చున్నవాళ్ళూ లేరు.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి అందరూ ఒకరికొకరు చేతులిచ్చుకున్నారు. ఆమెకూ ఇచ్చారు. అయ్యగారు ఆమె తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించారు. ఆ ప్రార్థనలో షాపు మాట ఎత్తలేదు. ఇంకా దేన్ని చెడగొడతానో అని భయపడ్డట్టున్నారు.

ఆ సాయంత్రమే సుశీల్ ఆటో తెచ్చాడు. ఏమీ అనలేదు. అననందుకు కరుణకు ఇంకా కష్టంగా ఉంది, ఎగతాళి చేసినా బాగుండేదనిపించింది. మిషను ఎక్కించారు, ఇస్త్రీ బల్ల ఎక్కించారు. బోర్డు ఊడదీస్తుంటే పక్కన టీ కొట్టాయన, "ఏందమ్మా, పెద్ద షాపు తీసుకున్నారా?" అని అడిగాడు. ఆమె బోర్డు ఒక కొస పట్టుకుని ఆటో వైపు నడిచింది.

సోమవారం ఇంకా చీకటి ఉండగానే రోడ్డు మీద నిలబడింది. చేతిలో అన్నం క్యారేజీ. అప్పటికే పదిమంది ఆడవాళ్ళున్నారు. చేతులకు ఐసు పగుళ్ళున్న ఒకామె ఈమె వేళ్ళు పట్టుకుని చూసి, "సూది చేతులే ఇవి. వారం పాటు తడిసిన కాగితంలా మెత్తబడతాయి, తర్వాత మొద్దుబారతాయి, అప్పుడింక ఏం తెలవదు," అంది. మంచికే చెప్పింది.

పెంచలకృష్ణ ఫోనొచ్చింది. ఇంత పొద్దున్నే వాడు లేవడు, రాత్రంతా దానిమీదే ఉన్నట్టున్నాడు.

"అక్కా, ఒక దారుండాది! పాతది వదిలేద్దాం. కొత్త పేరు మీద, కొత్త నంబరుతో మళ్ళీ మొదటినుంచి పెడదాం. ఈ తూరి ఎవరికీ చెప్పబాక. నిజంగా కుట్టించుకున్నోళ్ళే ఒక్కొక్కరూ రాస్తారు. నిదానంగా పైకొస్తది."

"కుట్టించుకునేవాళ్ళు ఎవరబ్బయ్యా?"

"సైటు అయితే ఇంకా ఉండాదక్కా," అన్నాడు. "చూడను బాగుండాది. నిజంగా చెప్తుండా, ఇప్పుడు బాగుండాది."

మలుపులో బస్సు దీపాలు కనిపించాయి. ఆడవాళ్ళు క్యారేజీలు చంకన పెట్టుకుని ముందుకు కదిలారు.

"బస్సొచ్చింది నాయనా," అంది కరుణ. "పెట్టేస్తుండా."

మేస్త్రీ తలుపు దగ్గర నిలబడి పేర్లు అడుగుతున్నాడు. ఆమె వంతు వచ్చింది. ఏం పని చేసేదానివని అడిగాడు. కుట్టుపని అంది. కంపెనీలో రొయ్యల తలకాయలు తీసే బల్ల దగ్గరికి పొమ్మన్నాడు.